పెద్దకోడలు కాగు కోసం ఎందుకు కొట్లాడింది?

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర నేను అనంతపురంలో డిగ్రీ రెండో ఏడాది వెలగబెడుతున్నప్పుడు, మనుషుల గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. మనసూ, అంతరంగమూ, ఆవేదనా లాంటివన్నీ నవలల్లోని వాళ్ళకే ఉంటాయనీ, మా ఇంట్లో వాళ్ళకు ఆకలి, కోపం, వాన ఎప్పుడొస్తుందన్న దిగులు తప్ప మరేమీ ఉండవనీ నా గట్టి నమ్మకం. గార్లదిన్నె దగ్గర బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు మాది. పొద్దున్నే ఆ రెండు మైళ్ళూ నడిచి, బస్సులో ఒంటికాలి మీద నిలబడి కాలేజీకి పోయి, సాయంత్రం ముఖం నిండా దుమ్ముతో తిరిగొచ్చేదాన్ని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి నా తలపొగరుకు అడ్డు చెప్పే అర్హత ఎవరికీ లేదని కూడా అనుకునేదాన్ని. (ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. మీరూ నవ్వండి, ఏమీ అనుకోను.)

ఆ ఏడాది మా తెలుగు మేడమ్ క్లాసులో తలా ఒక నవల పంచింది. "కథ చెప్పొద్దు, కథ నాకూ తెలుసు. ఆ మనుషులు ఎందుకట్లా చేసినారో, వాళ్ళ మనసులో ఏముందో సెమినార్లో చెప్పండి" అని ఆజ్ఞ. సన్న పుస్తకాలన్నీ ముందు బెంచీల వాళ్ళు ఎగరేసుకుపోగా, బస్సు దిగి ఆలస్యంగా వచ్చిన పాపానికి నాకు ఇటుకరాయంత పుస్తకం మిగిలింది. నాలుగు తరాల కుటుంబ కథ. మొదటి పేజీలో వంశవృక్షం బొమ్మ ఉంది. ఎవరు ఎవరికి పుట్టారో వేలితో వెతుక్కునేసరికే ఆవులింతలొచ్చాయి. ముందుమాట మాత్రం శ్రద్ధగా చదివాను. ఏ పాత్ర దేనికి ప్రతీకో ఒక పెద్దాయన అందులో వరసగా రాసిపెట్టాడు కాబట్టి, ఇక నవల చదవడం దండగని తేల్చేశాను.

అయితే అది చెనక్కాయలు (వేరుశనగలు) ఒలిచే కాలం. తొలకరికి ముందు విత్తనం కోసం బస్తాలకు బస్తాలు చేత్తో ఒలవాలి. మరలో వేస్తే పప్పు పైపొర చిట్లి మొలక రాదని మా తాత పట్టుదల. ఈ రోజు మా ఇంట్లో, రేపు ఎదురింట్లో అని వంతులు వేసుకుని ఆడవాళ్ళంతా ఒక అరుగు మీద చేరి ఒలిచేవాళ్ళు. డిగ్రీ చదివేదాన్నని నాకేమీ మినహాయింపు లేదు. రెండో రోజుకే బొటనవేలి గోరు కింద మంట పుట్టి, నా బుర్ర పాదరసంలా పనిచేసింది. "మీరు ఒలుస్తాండండి, నేను కత చదివి వినిపిస్తా" అన్నాను. మా జేజి, అంటే నాయనమ్మ, నా వేళ్ళ వైపు, పుస్తకం వైపు ఒకసారి చూసి, "పని ఎగ్గొట్టేకి సరస్వతమ్మను అడ్డం పెడ్తాండావు. సరే చదువు" అంది. ఆ విధంగా, ఒళ్ళు దాచుకోవడం కోసం నేను ఒక నవల చదవడం మొదలుపెట్టాను.

మా జేజి మొదట అడిగిన ప్రశ్న: "వాళ్ళ ఇంటిపేరేంది?" చెప్పాను. అంతే. ఒక్క క్షణం లెక్క వేసుకుని, "అట్లయితే వాళ్ళు నాకు అన్నదమ్ముల వరస" అని తేల్చేసింది. ఇక ఆ పూట నుంచి నవలలోని ఇంటి పెద్దకొడుకు మా జేజికి అన్న, పెద్దకోడలు వదిన. పక్కనే కూర్చున్న మా చిన్నజేజి (తాత తమ్ముడి భార్య, మా జేజికి తోడికోడలు, గోడ అవతలి ఇల్లు) ఊరుకుంటుందా? "అయితే చిన్నకోడలు నా పక్క" అని ఆమెను తన వైపు లాక్కుంది. నవలలో కోడళ్ళిద్దరూ ఒకరినొకరు ఒక మాట అంటే, మా అరుగు మీద వీళ్ళిద్దరూ నాలుగు అనుకునేవాళ్ళు. ఎదురింటి పెద్దమ్మ బాధ వేరు. చిన్నకొడుకు ఏదో దుఃఖంతో నాలుగు పేజీలు కదలకుండా కూర్చుంటే, "పొద్దున్నుంచి ఆ బిడ్డ ఏమీ తినలేదు కదే, ఎవురన్నా ఇంత పెట్టినారా లేదా?" అని నన్ను పేజీ తిప్పనివ్వలేదు. చేసేదేమీ లేక, "అప్పుడు అతడు లేచి రెండు ముద్దలు సంగటి తిన్నాడు" అని నేనే ఒక వాక్యం చేర్చాను. (కాలవల కింద వరి పండించే ఊరి కథ అది. అక్కడ రాగి సంగటి ఎవరు వండారో నన్నడగొద్దు.) ఇంకొకచోట నీళ్ళు ఎక్కువై పంట మునిగిపోయిందని చదివితే మాత్రం అరుగు మీద ఒక్కరూ నమ్మలేదు. "నీళ్ళు ఎక్కువై పంట పోయిందంట! రాసేటోళ్ళు ఏమన్నా రాస్తారమ్మా" అని నవ్వుకున్నారు.

ఇక్కడ మా ఇంటి చరిత్ర ఒకటి చెప్పాలి. నేను పుట్టకముందు, మా నాయన ఇంకా బడికి కూడా పోని వయసులో, మా తాతా చిన్నతాతా వేరుపడ్డారు. అప్పుడు మా జేజీ చిన్నజేజీ ఒక ఇసుర్రాయి కోసం (తిరగలిని మా వైపు అలాగే అంటారు) మూడు రోజులు వీధిలో కొట్లాడుకున్నారట. ఒకామె రాయి మీద కాలు వేసుకుని కూర్చుందట, ఇంకొకామె దుమ్మెత్తి పోసిందట. ఊరంతా మిద్దెలెక్కి చూసిందట. "మా ఆడోళ్ళు పరువు తీసినారు గాని, మేమిద్దరం మాత్రం ఒక్క చెడ్డ మాట అనుకోకుండా చేన్లూ బాయీ పంచుకున్న్యాము" అని తాత వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. చిన్నతాత పక్కన కూర్చుని తల ఊపేవాడు. మా ఇంట్లో ఆడపిల్ల దేనికి మారాం చేసినా "జేజి ఇసుర్రాయి బుద్ధి వచ్చింది" అనడం మామూలు. కొత్త చెప్పులడిగినప్పుడు ఆ మాట నేనూ పడ్డాను.

సరే, నవల మూడో వంతు అయ్యేసరికి అందులోని ఇల్లు కూడా పంపకాలకొచ్చింది. అన్నదమ్ములిద్దరూ బావి దగ్గర ఒకరి మీదికి ఒకరు పోయేలా ఉన్నారు. సరిగ్గా అప్పుడు పెద్దకోడలు, నీళ్ళు కాచుకునే రాగి కాగు, అదీ అడుగున చిల్లు పడినది, నాకే కావాలని పట్టుబట్టి మూడు రోజులు తోడికోడలితో కొట్లాడుతుంది. ఎందుకో రచయిత చెప్పలేదు. నేను పుస్తకం మూసి, గొంతు సవరించుకుని, "ఈమె లోభానికి ప్రతీక" అన్నాను.

జేజి చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "ఎవురే చెప్పింది ఆ మాట?"

"ముందుమాట రాసినాయన."

"ఆయప్పకు పెండ్లయిందా?"

నాకేం తెలుసు? ముందుమాటలో ఆ సంగతి లేదు.

"ఓటి కాగు మీద ఎవురికే ఆశ?" అంది జేజి. "ముందర పేజీలో అన్నదమ్ములిద్దరూ కొట్టుకునేకి తయారుగా ఉండ్రి కదా. అప్పుడు ఆడోళ్ళు వీధిలో జుట్టూ జుట్టూ పట్టుకుంటే ఏమైతాది? మొగోళ్ళకు సిగ్గయితాది. ‘ఛీ, వీళ్ళ మాదిరి మనమెందుకు అల్లరి పడల్ల, మర్యాదగా పంచుకుందాం’ అనుకుంటారు. కాగు కోసరం కాదే కొట్లాట, బాయి కోసరం."

చిన్నజేజి అందుకుంది. "చిన్నకోడలికి గూడా తెల్సు. ల్యాకుంటే మూడు దినాలు ఎట్ల సాగుతాది? తెల్వనిదైతే మొదటి పొద్దే ‘పో, ఓటి కాగు నువ్వే ఏలుకో’ అని ఇసిరేసేది." ఆ మాట అని మా జేజి ముఖంలోకి చూసింది. మా జేజి ఆమె ముఖంలోకి చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఒడిలో ఒలిచిన పప్పంతా అరుగు మీద చెల్లాచెదురయ్యేదాకా నవ్వారు. ఎదురింటి పెద్దమ్మ "ఏమైందే వీళ్ళకు?" అని తెల్లబోయింది.

నాది ట్యూబులైటు బుర్ర. వెలగడానికి సాయంత్రం పట్టింది. అందరూ లేచిపోయాక ఇద్దరి మధ్యా కూర్చుని, "జేజీ, ఇసుర్రాయి…" అన్నాను. "అరచద్దే!" అని ఇద్దరూ చెరొక వైపు నుంచి నా నోరు మూశారు. కట్టెలకు పోయినప్పుడు చెట్ల మధ్య కూర్చుని ఇద్దరూ కలిసి వేసిన పథకమట అది. ఎవరు ముందు తిట్టాలో, ఏ తిట్లు తిట్టకూడదో (పిల్లల్ని అనకూడదు, పుట్టింటివాళ్ళను అనొచ్చు) ముందే మాట్లాడుకున్నారట. "దుమ్ము గూడా పక్కకే పోసినా, కండ్లల్లో పడకుండా" అంది జేజి. "ఏం పక్కకు పోసినావు దొంగదానా, మూడు దినాలు కండ్లు ఎర్రగా వాచిపోయినాయి నాకు" అంది చిన్నజేజి, నిన్నో మొన్నో జరిగినట్లు. ఆ తరువాత జేజి ముఖం గంభీరంగా పెట్టి, "ఇది మీ తాతోళ్ళకు తెలీకూడదు. ‘మేమే మర్యాదగా పంచుకున్న్యాము’ అని ఇన్నేండ్లుగా తలెత్తుకోని తిరుగుతాండారు. ఆడోళ్ళు ఆడించినారని తెలిస్తే ఆ తల వంగిపోతాది. వంగిన తలతో మళ్ళా బాయి కాడ ఒకరి ముఖం ఒకరు ఎట్ల చూసుకుంటారు?" అంది. నా చెయ్యి తీసి విత్తనం గంప మీద పెట్టి ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పితే గింజ మొలవదు. (ఆ ఏడాది వాన మొహం చాటేసిన మాట నిజమే. అయితే మా సీమలో దానికి నా ఒట్టును తప్పుపట్టలేం. ఒట్లు నిలబెట్టుకున్న ఏళ్ళలోనూ వాన రాదు.)

సెమినార్లో జేజి చెప్పిన కాగు వ్యాఖ్యానాన్ని నా సొంతంలా చెప్పేశాను. ఇసుర్రాయి మాట ఎత్తలేదు, అంత వరకు బాగానే ఉంది. మేడమ్ కళ్ళద్దాలు తీసి నన్ను కొత్తగా చూసింది. "ఇది నీకెట్లా తట్టింది?" అంటే, "ఆలోచిస్తే తట్టింది మేడమ్" అన్నాను సిగ్గు లేకుండా. ఆ సాహసానికి ఫలితంగా, రేడియోలో యువత కార్యక్రమంలో అదే విషయం మీద పది నిమిషాల ప్రసంగం నా నెత్తిన పడింది.

రికార్డింగు గదిలో గోడలకు చిల్లుల అట్టలు, ఎదురుగా అద్దం, అద్దం అవతల ఒక సారు. ఎర్ర లైటు వెలిగింది. భయంతో నా పది నిమిషాల కాగితాన్ని, కుక్క తరిమినదానిలా ఆరు నిమిషాల్లో చదివేశాను. తలెత్తి చూస్తే అద్దం అవతలి సారు గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పుతున్నాడు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని. కాగితం అయిపోయింది. బుర్రలో ఏమీ లేదు. ఉన్నది ఒక్కటే. "ఉదాహరణకు, మాకు తెలిసిన ఒక ఇంట్లో…" అని మొదలుపెట్టాను. ఇసుర్రాయి, మూడు రోజులు, కట్టెలకు పోయిన చోట పథకం, తిట్ల ఒప్పందం, ఎర్రబడిన కళ్ళు, ఒక్కటీ వదల్లేదు. పైగా నాటకంలో మాదిరి గొంతులు మార్చి మరీ చెప్పాను. సారు బొటనవేలు పైకెత్తి నవ్వాడు. పేర్లు చెప్పలేదు కదా అని నా ధైర్యం. మా ఊళ్ళో ఇసుర్రాయి అంటే గుర్తొచ్చే ఇల్లు ఒక్కటేనన్న సంగతి నాకు బస్సులో, సగం దారిలో తట్టింది. అది ప్రసారమయ్యేది శుక్రవారం సాయంత్రం, సరిగ్గా రైతుల కార్యక్రమం అయిపోగానే అన్నది కూడా అప్పుడే గుర్తొచ్చింది. వాన కబురు కోసం తాతలిద్దరూ ఆ కార్యక్రమం ఒక్క రోజు కూడా విడిచిపెట్టరు. నిజం చెప్పొద్దూ, ఆ బస్సులోనే ఏడుపొచ్చింది. కొత్త చెప్పుల కోసం ఏడ్చిన ఏడుపు కాదు అది. నన్ను నమ్మి చెప్పిన ఇద్దరు ముసలివాళ్ళ పరువు నేను పదిమందిలో పారబోశాను.

ఇంటికి పోగానే జేజి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. "నీ నోట్లో నువ్వుగింజ నానదని తెల్సీ చెప్పినా. తప్పు నాదేలే" అంది. ఆ మాట కంటే రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది. చిన్నజేజి మాత్రం కార్యసాధకురాలు. "ఏడిస్తే రేడియో ఆగుతాదా? సెల్లులు తీస్తే ఆగుతాది" అంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తాత కునుకు తీస్తుండగా జేజి ఆయన రేడియోలోంచి సెల్లులు తీసి విత్తనం గంపలో పాతిపెట్టింది. గోడ అవతల చిన్నజేజి తమ రేడియో సెల్లులను ఊరగాయ జాడీ వెనక దాచింది. ముగ్గురం హమ్మయ్య అనుకున్నాం. అయితే మేము మరిచిపోయింది మా నాయనను. కూతురు రేడియోలో మాట్లాడుతుందన్న సంబరంలో ఆయన వారం ముందు నుంచే ఊరంతా చాటేశాడు. టీ అంగడాయన తన పెద్ద రేడియోను బల్ల మీద పెట్టి, ముందర బెంచీలు వేయించాడు. సాయంత్రం అయ్యేసరికి మిరప చేనికి పోయినవాళ్ళు, గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళు అందరూ అక్కడే. "పెద్దాయనా, మీ రేడియో పలకలేదంట కదా, ఈడికే రాండి" అని ఎవరో తాతలిద్దరినీ పిలుచుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టారు. జేజులిద్దరూ అంగడి పక్క గోడ చాటున, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళిద్దరి మధ్య నేను, పట్టుబడిన దొంగ.

రైతుల కార్యక్రమంలో ఆ రోజు కూడా వాన లేదనే చెప్పారు. తరువాత నా గొంతు వచ్చింది. మొదటి ఆరు నిమిషాలు ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, గౌరవంగా తల ఊపుతూ విన్నారు. "మాకు తెలిసిన ఒక ఇంట్లో" దగ్గర ఊపడం ఆగింది. "ఇసుర్రాయి" దగ్గర అన్ని తలలూ ఒక్కసారిగా ముందు బెంచీ వైపు తిరిగాయి. తాత కదల్లేదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి రేడియోనే చూస్తున్నాడు. జేజి నా చెయ్యి పట్టుకుంది.

ప్రసంగం అయిపోయి సంగీతం వచ్చింది. అప్పుడు తాత నిదానంగా లేచి, గోడ చాటున ఉన్న నన్ను వెతికి పట్టుకుని, అందరికీ వినిపించేలా, "బాగా చెప్పినావు పాపా! ఆ ఇంటోళ్ళు ఎవురో గాని, మంచి గట్టి ఆడోళ్ళు" అన్నాడు. చిన్నతాత వెంటనే, "మనకు యాడ ఉండార్లే అన్నా అట్లాంటి తెలివైనోళ్ళు! మనోళ్ళు నిజ్జంగానే కొట్లాడతారు" అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు. ఇంటికి నడుస్తూ జేజి దారి పొడవునా నా చెవిలో, "చూసినావా? వాళ్ళ కతే వాళ్ళకు తెలీలేదు. మొగోళ్ళు ఉత్త అమాయకులే పాపం" అని మురిసిపోయింది. చిన్నజేజి అయితే జాడీ వెనక సెల్లులు తీసుకొచ్చి తానే రేడియోలో వేసి పెట్టింది.

మరుసటి రోజు పొద్దున తాత నన్ను బావి దగ్గరికి పిలిచాడు. గట్టు మీద చిన్నతాత కూడా వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. "పాపా, ఆ పుస్తకంలో అన్నదమ్ములకు తెల్సా, తెల్దా? ఆడోళ్ళది ఉత్త నాటకమని?" అని అడిగాడు తాత.

"తెల్దు తాతా. యాడా రాయలేదు."

"అట్లయితే రాసినాయనకు మొగోళ్ళ సంగతి తెల్దు" అన్నాడు. చిన్నతాత పుల్ల పక్కన పెట్టి, "మనింట్లో అప్పుడు రెండు ఇసుర్రాళ్ళుండె పాపా. ఒకటే మాదిరివి. వీధిలో ఒకదాని కోసరం పడి పొర్లుతాండారు, రెండోది ఇంట్లో గమ్మున కూచోనుండాది. దాన్ని ఎవురూ అడగరే! మొదటి పొద్దే తెల్సిపాయ" అన్నాడు.

"అంతవరకు మేమిద్దరం మాట్లాడుకోకుండా ఉంటిమి" అన్నాడు తాత. "నీళ్ళ వంతు కాడ పలుగు గూడా ఎత్తినా వీని మీదికి. ఆ పొద్దు ఈడికే వచ్చి, ఇదే గట్టున కూచోని, ఆ రెండో రాయి సంగతి తల్చుకోని కడుపు పట్టుకోని నవ్వినాము ఇద్దరమూ. అంత నవ్వినాక ఇంక కొట్లాడబుద్ధి యాడ పుడ్తాది? బాయి సంగతి ఆ సాయంత్రమే తెగిపాయ."

"మరి మూడు దినాలు ఎందుకు ఊరికే చూసినారు?"

"అంత కష్టపడి చేస్తాంటే మధ్యలో ఎట్ల ఆపేది? పైగా చూసేకి బాగుండె" అన్నాడు చిన్నతాత.

తాత నవ్వి, తరువాత నా తల మీద చెయ్యి వేసి, "మీ జేజికి చెప్పద్దు. ఇల్లు తానే నిలబెట్టినానని మనసులో ఒక సంతోషం పెట్టుకోనుండాది. అది నిజమే గదా, యా దారిన నిలబడితే ఏమి? ఒట్టేమీ వద్దులే, నువ్వు గుట్టు దాచే సంగతి నిన్న విన్న్యాము" అన్నాడు. సిగ్గుతో నాకు బావిలో దూకాలనిపించింది. దూకినా మోకాటి లోతు నీళ్ళు కూడా లేవు.

అప్పటి నుంచి అరుగు మీద ఆడవాళ్ళు నాకు కన్ను గీటేవాళ్ళు, బావి దగ్గర మగవాళ్ళు కన్ను గీటేవాళ్ళు. నాలుగు తరాల నవలలో ఎవరి మనసులో ఏముందో చెప్పగలనని విర్రవీగినదాన్ని, సొంత ఇంట్లో రెండు జంటల మధ్య నిలబడి ఏ వైపు నవ్వాలో తెలియక తికమకపడ్డాను. అర్ధసంవత్సరం పరీక్షలో మేడమ్ అదే నవల మీద ప్రశ్న ఇచ్చింది: అన్నదమ్ములు సామరస్యంగా విడిపోవడానికి కారణమేమి? నేను వెనకాముందూ చూడకుండా మూడు పేజీలు రాశాను. వాళ్ళకు మొదటి రోజే అంతా తెలుసనీ, నవ్వుకుని రాజీపడ్డారనీ, భార్యల సంతోషం చెడకూడదని జీవితాంతం తెలియనట్లు నటించారనీ. పేపరు తిరిగొచ్చింది. పదికి రెండు. పక్కన ఎర్ర సిరాతో ఒకే మాట: "ఆధారం?"

పేపరు పట్టుకుని మేడమ్ గదిలోకి పోయాను. "నవలలో ఎక్కడుంది ఇది? ఒక్క వాక్యం చూపించు, మార్కులు వేస్తా" అంది ఆమె. నోరు తెరిచాను. ఆధారం అప్పుడు మా ఊళ్ళో బావి గట్టు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ ఉంది. నా నోట్లో నువ్వుగింజ మొదటిసారి నానింది. "లేదు మేడమ్, తప్పయింది" అని చెప్పి బయటికొచ్చాను. బస్సు కోసం నిలబడినప్పుడు ఎందుకో నాకు నేనే కొంచెం పొడుగైనట్లనిపించింది.

ఇప్పుడు ఆ నలుగురూ లేరు. ముందు చిన్నతాత, తరువాత ఒకరి వెనక ఒకరు. జేజి చివరి రోజుల్లో కూడా నన్ను దగ్గరికి పిలిచి, "మీ తాతకు కడదాకా తెలీలేదు చూడు, పిచ్చిమానవుడు" అని నవ్వింది. నేనూ నవ్వి, "అవును జేజీ, పాపం" అన్నాను. ఎవరి దగ్గర ఏది దాచాలో చూసుకునే అవసరం ఇక లేదు కాబట్టి ఇదంతా రాశాను. మేడమ్, మీరు ఎక్కడున్నారో తెలియదు గాని, ఇది మీ కంటపడితే ఆధారం ఇదే. మిగతా ఎనిమిది మార్కులూ వేయకపోయినా ఫరవాలేదు. ఆ రోజు మీ గదిలో నోరు మూసుకుని నిలబడిందే ఒక డిగ్రీ పిల్ల, దాన్ని తలుచుకుని ఒకసారి నవ్వండి చాలు.